ఇంగ్లిష్ మాటలు మన సొంతం కావాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు నెల్లూరులో పీజీ చేస్తున్నాను. ఇంగ్లిష్ వ్యాకరణం పరవాలేదు, మామూలు మాటలు అర్థమవుతాయి. సంపాదకీయం చదవబోతే మాత్రం వాక్యానికి రెండు మాటలు తెలియక ఆగిపోతున్నాను. రోజుకు ఇరవై కొత్త మాటలను తెలుగు అర్థాలతో నోటుపుస్తకంలో రాసుకుని కంఠస్థం చేస్తున్నాను. వారం తిరిగేసరికి సగానికి పైగా మరిచిపోతున్నాను. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: లోపం మీ జ్ఞాపకశక్తిలో లేదమ్మా, పద్ధతిలో ఉంది. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే వల్లెవేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. నేర్చిన తొలి గంటల్లోనే మరుపు ఎక్కువగా ఉంటుందని, తర్వాత నెమ్మదిస్తుందని, ఒకే పూట పదిసార్లు వల్లెవేయడం కంటే రోజుల ఎడంతో తిరిగి చూసుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని ఆయన ప్రయోగాల్లో తేలింది. మీరు రాసుకున్న ఇరవై మాటలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు, వాటిని చదివిన సందర్భం కూడా పుస్తకంలో లేదు. అలాంటప్పుడు అవి కూడా ఆ అక్షరాల గుంపుల్లాగే జారిపోతాయి.

ముందుగా ఏ మాటలు నేర్చుకోవాలో తేల్చుకోండి. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు అధిపతిగా పనిచేసి, అక్కడి పిల్లల చదువును దగ్గర నుంచి చూసిన మైకేల్ వెస్ట్, ఇంగ్లిష్‌లో అందరికీ అవసరమయ్యే సుమారు 2,000 మాటల జాబితాను 1953లో వెలువరించాడు. ఆ జాబితాలో లేకుండా, కళలు, వాణిజ్యం, న్యాయశాస్త్రం, విజ్ఞానశాస్త్రం అన్నింటి గ్రంథాల్లోనూ తరచుగా కనిపించే 570 పదకుటుంబాలను న్యూజీలాండ్ పరిశోధకురాలు ఆవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ఏరి చూపించింది. పదకుటుంబం అంటే డిరైవ్, డెరివేషన్, డెరివేటివ్ వంటివన్నీ కలిసి ఒకటి. విశ్వవిద్యాలయ స్థాయి రచనల్లో దాదాపు పదో వంతు మాటలు ఈ 570లోనివే. సిగ్నిఫికెంట్, అస్యూమ్, కన్సిస్టెంట్, కన్‌స్ట్రెయిన్ వంటి ఈ మాటలు చూడటానికి ఆర్భాటంగా ఉండవు కనుక విద్యార్థులు వీటిని దాటేసి, ఏడాదికి ఒకసారి కూడా ఎదురుపడని అరుదైన మాటల వెంట పడుతుంటారు. అది శ్రమను వృథా చేసుకోవడమేనని నా గట్టి అభిప్రాయం.

అంతకంటే ముఖ్యమైనది, తెలిసినట్టే ఉండి తెలియని మాటల సంగతి. అడ్రస్ అంటే చిరునామా అని మనకు చిన్నప్పుడే తెలుసు. అదే మాట సంపాదకీయంలో సమస్యకు ముందు క్రియగా వస్తే, ఆ సమస్యను పట్టించుకుని పరిష్కారానికి పూనుకోవడం అవుతుంది. యీల్డ్ పొలానికి దిగుబడి, ఒత్తిడికి యీల్డ్ కావడం తలొగ్గడం. సస్టెయిన్ అంటే నిలబెట్టడం అని నేర్చుకున్నవారు, ప్రమాదంలో ప్రయాణికులు గాయాలు ‘సస్టెయిన్’ చేశారన్న వాక్యం దగ్గర నిలిచిపోతారు. అక్కడ దాని అర్థం గాయపడటం. కొత్త మాటల జాబితా పక్కన పెట్టి, ఒక నెల పాటు ఇటువంటి పాత మాటల కొత్త అర్థాలనే గమనించి చూడండి, సంపాదకీయం ఎంత తేలికపడుతుందో మీకే తెలుస్తుంది.

ఇక ఏం చదవాలి? మీకు విషయం బాగా తెలిసినదాన్ని చదవండి. మీ ప్రాంతంలో రొయ్యల చెరువు గురించి తెలియని ఇల్లు అరుదు. వనామి సాగు మీద ఇంగ్లిష్ వ్యాసం తీసుకోండి. తెల్లమచ్చ వ్యాధి స్టాక్‌ను ‘వైప్ అవుట్’ చేసిందని, యీల్డ్‌లు ‘ప్లమెట్’ అయ్యాయని రాస్తే, వ్యాధి తగిలిన చెరువు ఏమవుతుందో మీకు ముందే తెలుసు కనుక, నిఘంటువు తెరవకముందే తుడిచిపెట్టడం, ఒక్కసారిగా పడిపోవడం అనే అర్థాలు తడతాయి. ఆ ఊహ సరైనదో కాదో తర్వాత నిఘంటువులో సరిచూసుకోండి. అలా ఊహించి సరిచూసుకున్న మాట, ఎవరో అర్థం చెప్పిన మాటకంటే లోతుగా నాటుకుంటుంది. అయితే ఊహ పనిచేయాలంటే చుట్టూ ఉన్న మాటలు తెలిసి ఉండాలి. యాభై మాటలకు ఒకటి మాత్రమే తెలియని స్థితిలో చదువు హాయిగా సాగుతుందన్న లెక్కన, పత్రికలు, నవలలు చదవడానికి 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు కావాలని పదజాల పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో అంచనా కట్టాడు. ఆ సంఖ్య చూసి బెదరకండి. ఒకే విషయం మీద వరుసగా చదివితే అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కనుక, మీరు ఎన్నుకున్న రంగంలో ఆ స్థితికి అంతకంటే ఎంతో ముందే చేరుకుంటారు.

మాటను ఒంటరిగా కాక, దాని వెంట వచ్చే మాటతో కలిపి నేర్చుకోండి. కార్తె మారి తుపాన్లు మొదలయ్యాక వచ్చే ఇంగ్లిష్ వార్తలు ఇందుకు మంచి పాఠం. వానకు ‘హెవీ’ వస్తుంది, గాలికి ‘స్ట్రాంగ్’ వస్తుంది. అటుది ఇటు మార్చి ‘స్ట్రాంగ్ రెయిన్’ అనడం పొసగదు. తుపాను బంగాళాఖాతం మీద ‘ఇంటెన్సిఫై’ అవుతుంది, ‘ల్యాండ్‌ఫాల్’ను ‘మేక్’ చేస్తుంది, తీరం దాటాక ‘వీకెన్’ అవుతుంది. ఏ మాట పక్కన ఏ మాట ఇమడుతుందో వ్యాకరణ సూత్రం చెప్పదు, చదవగా చదవగా చెవికి పట్టుబడవలసిందే.

గుర్తుంచుకోవడానికి ఖర్చు లేని ఉపాయం ఒకటి ఉంది. ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖలను చిన్న ముక్కలుగా కత్తిరించి, ఖాళీ వైపున మీరు చదివిన వాక్యాన్ని, నేర్చుకోవలసిన మాట దగ్గర ఖాళీ వదిలి రాయండి. అచ్చు ఉన్న వైపు ఒక మూలన ఆ మాట రాసి, రోజూ చూసే మొదటి పెట్టెలో వేయండి. మరునాడు ఖాళీని పూరించగలిగితే ఆ ముక్కను మూడు రోజుల తర్వాత చూసే పెట్టెలోకి, అప్పుడూ చెప్పగలిగితే వారం తర్వాత చూసే పెట్టెలోకి మార్చండి. తప్పితే మొదటి పెట్టెకే తిరిగి రావాలి. ఈ పెట్టెల పద్ధతిని 1970ల తొలి సంవత్సరాల్లో పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చాడు. రోజుకు ఐదారు ముక్కలు చాలు, ఇరవై వద్దు.

ప్రశ్న: పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్నాను. పర్యాయపదాల పట్టికలు, ధాతువుల పట్టికలు కంఠస్థం చేయమని అంటున్నారు. ఉపయోగం ఉందా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ధాతువుల వల్ల ఉంది. ఒకే ధాతువు ముందు ఉపసర్గ మారితే ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అని అర్థం ఎక్కడికో పోతుందని సంస్కృత శ్లోకం ఒకటి మన పంతుళ్లు తరతరాలుగా చెబుతున్నదే. లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటలదీ అదే తీరు. మోయడం అనే అర్థం గల ‘పోర్ట్’ ముందు ‘ఎక్స్’ చేరితే ఎగుమతి, ‘ఇమ్’ చేరితే దిగుమతి, ‘ట్రాన్స్’ చేరితే రవాణా అవుతాయి. అయితే ‘సపోర్ట్’ దగ్గరకు వచ్చేసరికి అర్థం అంత తిన్నగా తేలదు కనుక, ధాతువును గుర్తుపెట్టుకునే ఆధారంగా వాడుకోండి గాని, దానితోనే అర్థం నిర్ణయించకండి.

పర్యాయపదాల పట్టికలను మాత్రం నేను సిఫారసు చేయను. ‘స్లిమ్’, ‘స్కిన్నీ’ రెండింటికీ సన్నగా ఉండటమే అర్థమని పట్టిక చెబుతుంది. మొదటిది మెప్పు, రెండోది ఎక్కువగా ఎద్దేవా. ‘చైల్డ్‌లైక్’ పసి మనసును మెచ్చుకుంటుంది, ‘చైల్డిష్’ చిన్నపిల్లల చేష్టలని తప్పుపడుతుంది. ఈ తేడాలే పరీక్షల్లోనూ అడుగుతారు. సులభమైన ఇంగ్లిష్‌లోనే అర్థం వివరించి, ప్రతి మాటకూ ఉదాహరణ వాక్యం ఇచ్చే అభ్యాసకుల నిఘంటువు ఒకటి దగ్గర ఉంచుకుంటే ఆ తేడాలు అక్కడే దొరుకుతాయి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి కార్యాలయంలో పని చేస్తున్నాను. ఉత్తరాల్లో తేలికగా అర్థమయ్యే మాటలనే, విదేశీ కొనుగోలుదారులు ఫోన్‌లో పలికితే పోల్చుకోలేకపోతున్నాను.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: మనం రాసినట్టే పలికే భాషలో పెరిగినవాళ్లం, అందుకే ఇంగ్లిష్‌ను కూడా అక్షరాలను బట్టి మనసులో పలుకుతాము. మీరు రోజూ రాసే ‘రిసీట్’లో పి పలకదు, ‘డెట్’లో బి పలకదు. అంతకంటే చిక్కు ఊనికది. ‘ఎకానమీ’లో రెండో భాగాన్ని, ‘ఎకనామిక్’లో మూడో భాగాన్ని నొక్కి పలుకుతారు, మిగిలినవి దాదాపు మింగేస్తారు. తెలుగులో అర్థాన్ని మార్చే ఊనిక లేదు కనుక మన చెవి దాన్ని పట్టించుకోదు. కొత్త మాట రాసుకున్న ప్రతిసారీ ఫోన్‌లోని నిఘంటువులో దాని ఉచ్చారణ విని, గట్టిగా అనండి, ఊనిక పడే భాగం కింద గీత గీయండి. ఇన్‌వాయిస్, కన్‌సైన్‌మెంట్, షిప్‌మెంట్ వంటి మీ వృత్తి మాటలతోనే మొదలుపెట్టండి, ఎందుకంటే మర్నాడు ఫోన్‌లో మీకు వినబడేవి అవే.