ఎక్కడ దిగుదాం? – మీ ప్రశ్నలు, మా జవాబులు

చలికాలం వచ్చిందంటే మనవాళ్ళ ఉత్తరాలన్నీ ప్రయాణాల మీదే. ఈసారి ఎక్కువమంది అడిగింది ఎక్కడ దిగాలి, ఏ హోటల్ బాగుంటుంది అని. నేను చూసినవి, నాకు తెలిసినవి చెబుతున్నా.

ప్రశ్న: మేమిద్దరం రిటైరైన టీచర్లం, రాజాంలో ఉంటాం. మీరు తిరిగిన ఊళ్ళలో మీకు బాగా నచ్చిన హోటలో రిసార్టో ఏదో ఒకటి చెప్పండి. రెండుమూడు రోజులు ప్రశాంతంగా కూర్చుని రావాలి, అంతే. మరీ దూరం వద్దు, విమానం అసలే వద్దు.

జవాబు: మాస్టారూ, అమ్మా, ప్రశాంతంగా కూర్చోడానికే అయితే నాకు ముందు గుర్తొచ్చేది రంభ అనే ఊరు. చిలికా సరస్సుకి దక్షిణం కొసన ఒడిశా టూరిజం వాళ్ళ పంథనివాస్ సరిగ్గా నీళ్ళ ఒడ్డునే ఉంటుంది. అదేం స్టార్ హోటల్ కాదు, మంచం, కుర్చీ, ఫ్యాను లాంటి మామూలు గది, కానీ తెల్లారగట్ల లేచి బయట కూర్చున్నారంటే ఎదురుగా సరస్సు, నీళ్ళలో వరసగా పాతిన వెదురుగెడలు, వాటికి కట్టిన వలలు, గెడ మీద రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటికాకి, ఇంతలో జాలరి ఒకతను పడవ తోసుకుంటూ వచ్చి వల ఎత్తి చూసుకుని మళ్ళీ దించేసి పక్కదాని దగ్గరికి పోతాడు, చప్పుడన్నదే ఉండదు. చేతిలో టీ చల్లారిపోతున్నా లేవబుద్ధి కాదు. చలికాలం అక్కడ దిగే వలసపక్షులకి లెక్కే లేదు, 1981లోనే చిలికాకి రామ్‌సర్ గుర్తింపు, అంటే చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది. పడవ మాట్లాడుకుంటే బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, బీకన్ ఐలాండ్ తిప్పి తెస్తారు. బీకన్ ఐలాండ్ మీద ఒక స్తంభం ఉంది, ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ కట్టించింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మన చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), టెక్కలి వైపు కూడా గంజాం జిల్లాలోవే కదా, అందుకని అది చూస్తుంటే పరాయి చోటు అనిపించదు నాకు. చిలికా పీతలు, రొయ్యలు తినేవాళ్ళైతే ముందు రోజే వంటవాళ్ళకి చెప్పి ఉంచండి.

మీరు చీపురుపల్లిలో రైలెక్కి బరంపురంలో దిగొచ్చు, అక్కడినుంచి బస్సో టాక్సీయో. కారుంటే ఇంకా సుఖం, 16వ నంబరు హైవే రంభ పక్కనుంచే పోతుంది. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్ళకి కొదవలేదు, భాష గురించి బెంగ అక్కర్లేదు.

ఒక రోజు కలిసొస్తే గోపాలపూర్ కూడా చూసుకోండి. అక్కడ సముద్రం ఒడ్డున ఒక పాత హోటల్ ఉంది, 1914లో మాగ్లియోనీ అనే ఇటలీ ఆయన పామ్ బీచ్ హోటల్ అని మొదలుపెట్టాడు, తర్వాత ఒబెరాయ్ వాళ్ళు నడిపారు, ఇప్పుడు మేఫెయిర్ వాళ్ళది. మన దేశంలో తొలి బీచ్ రిసార్టుల్లో ఒకటని చెబుతారు. రేటు ఎక్కువే, అబద్ధం ఎందుకు, కానీ పెళ్ళిరోజుకో షష్టిపూర్తికో ఒక్క రాత్రికైతే ఖర్చు పెట్టొచ్చు అని నా అభిప్రాయం. ఒకప్పుడు మనవాళ్ళు రంగూన్ ఓడలెక్కిన రేవు అది. సముద్రం మాత్రం కోపంగా ఉంటుంది, లోపలికి దిగకండి.

హోటల్ విషయంలో నేను ముందు చూసేది జాగా. గదిలో టీవీ ఎంత పెద్దదన్నది ఇంటికొచ్చాక ఎవరికీ గుర్తుండదు, పొద్దున్నే తలుపు తీస్తే ఏం కనిపించిందో అది గుర్తుంటుంది. చాలాచోట్ల ఆ మంచి జాగా ప్రభుత్వ టూరిజం వాళ్ళ దగ్గరే ఉంటుంది, అందరికన్నా ముందొచ్చి కట్టుకున్నారు కాబట్టి. హంగులు తక్కువైనా నా ఓటు వాళ్ళకే. బుక్ చేసేటప్పుడు మాత్రం ఫోన్ చేసి నీళ్ళవైపు గది కావాలని గట్టిగా అడగండి, అడక్కపోతే వెనకవైపు పార్కింగ్ చూసుకుంటూ కూర్చోవాల్సి రావచ్చు.

ప్రశ్న: డిసెంబర్‌లో పిల్లల్ని తీసుకుని అరకు వెళ్దాం అనుకుంటున్నాం. అరకు ఊళ్ళోనే దిగాలా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అరకులోనే దిగాలని రూలేం లేదమ్మా. డిసెంబర్ శని ఆదివారాల్లో అక్కడ జనం కిక్కిరిసిపోతారు, రేట్లు కూడా అలాగే ఉంటాయి. నన్నడిగితే కిందనే ఆగిపొమ్మంటాను. ఏపీ టూరిజం వాళ్ళకి అనంతగిరిలో హరిత రిసార్టు ఉంది, చుట్టూ కొండలు, కాఫీ తోటలు. ఇంకా కింద టైడాలో జంగిల్ బెల్స్, అడవిలో కాటేజీలు, పిల్లలున్నవాళ్ళకి నేను ముందు చెప్పేది అదే, ఎందుకంటే చెట్ల మధ్య చెక్క ఇల్లు అనేసరికి వాళ్ళకి అసలు ఇంకేం చూపించక్కర్లేదు. అక్కడ్నించి బొర్రా గుహలూ అరకూ పగలు చూసుకుని రాత్రికి వచ్చేయొచ్చు.

ఆ చలికి ఏసీ గది అని ఎక్కువ డబ్బులు కట్టకండి, గీజర్ పనిచేస్తుందా, వేడినీళ్ళు ఏ టైముకి వస్తాయి, అదనంగా రగ్గులిస్తారా, ఇవి అడగండి. మీరు ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా ఘాట్ ఎక్కితే దారి బాగుంటుంది, పిల్లలకి కడుపులో తిప్పే అలవాటుంటే మాత్రం విశాఖ నుంచి అరకు మీదుగా పోయే కిరండూల్ రైలే మేలు. అది ఎక్కడానికి విశాఖ దాకా పోనక్కర్లేదు, మన విజయనగరం జిల్లాలోనే కొత్తవలసలోనో ఎస్.కోటలోనో ఎక్కేయొచ్చు. సొరంగాలు వరసగా వస్తుంటాయి, పిల్లలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు, మీకు తీరిక. వచ్చేటప్పుడు కాఫీ పొడి తెచ్చుకోడం మర్చిపోవద్దు, అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు, కూడా వచ్చింది.

ప్రశ్న: పదిమందిమి పూరీ వెళ్తున్నాం, మా నాన్నమ్మకి మోకాళ్ళ నొప్పులు. హోటల్ తీసుకోమంటారా, ధర్మశాలా? – పలాస నుంచి ఒక పాఠకుడు

జవాబు: పదిమందీ గట్టివాళ్ళైతే ధర్మశాలే చాలు అనేదాన్ని బాబూ, నాన్నమ్మగారున్నారు కాబట్టి హోటలే తీసుకోండి. కింద అంతస్తు గది, లేదా లిఫ్టు, బాత్రూంలో కమోడ్, పట్టుకోడానికి రాడ్డు, ఈ నాలుగూ ఫోన్లోనే కనుక్కోండి, ఫొటోలు నమ్మొద్దు. పూరీలో ఇంకో సంగతి, చాలా హోటళ్ళలో చెకవుట్ పొద్దున్న ఎనిమిదికే ఉంటుంది, మన దగ్గరిలా మధ్యాహ్నం పన్నెండు అనుకుని నిద్రపోతే ఇంకో రోజు అద్దె అడుగుతారు. దానికి తగ్గట్టు రైలు టైము చూసుకోండి. నేరుగా పూరీ బండి దొరక్కపోతే ఖుర్దా రోడ్‌లో మారాలి, పెద్దావిడతో కనక నేరుగా వెళ్ళే బండికే ప్రయత్నం చేయండి.

బీచ్ కావాలంటే స్వర్గద్వార్ వైపు దిగొచ్చు, కానీ ఆవిడ వచ్చేది జగన్నాథుడి కోసం, గుడికి దగ్గరగా ఉంటేనే రెండు పూటలా దర్శనం అవుతుంది. పాతకాలం కట్టడాలు ఇష్టమైతే బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు 1925లో పెట్టిన బీఎన్నార్ హోటల్ పూరీలో ఇప్పటికీ ఉంది, చూడ్డానికైనా ఓసారి వెళ్ళండి. ఒక పూట భోజనం మాత్రం హోటల్లో కాకుండా గుడి ఆవరణలోని ఆనందబజారులో మహాప్రసాదం తినండి, దాని ముందు ఏ హోటల్ భోజనమైనా తక్కువే.

ప్రశ్న: కేరళ హౌస్‌బోటు అంత డబ్బుకి తగ్గట్టుంటుందా? – ఆమదాలవలస

జవాబు: ఉంటుంది, ఏం కొంటున్నారో తెలిస్తే. రాత్రంతా పడవ నీళ్ళ మీద తిరుగుతూ ఉంటుందని చాలామంది అనుకుంటారు, అలా ఉండదు. సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి ఒడ్డున కట్టేస్తారు, ఆ తర్వాత జాలర్లు వలలు వేసుకునే టైము. చాలా పడవల్లో ఏసీ కూడా రాత్రి పడుకునే వేళకే వేస్తారు, పగలు కూడా కావాలంటే బుకింగ్‌లోనే మాట్లాడుకోవాలి. వాటిని కెట్టువళ్ళం అంటారు, ఒకప్పుడు ధాన్యం మోసిన పడవలవి, కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టి చేసేవాళ్ళు. అసలు ఆనందం మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకానే, కాబట్టి ఒక్క రాత్రి చాలు. డబ్బు చూసుకునేవాళ్ళైతే గట్టు మీద ఇళ్ళలో గది తీసుకుని, అలెప్పీ నుంచి కొట్టాయం వెళ్ళే గవర్నమెంటు బోటు ఎక్కండి, అవే కాలవలు, అవే కొబ్బరిచెట్లు, టికెట్టు బస్సు చార్జీలా ఉంటుంది. మన విజయనగరం స్టేషన్లో ఆగే బొకారో ఎక్స్‌ప్రెస్ నేరుగా అలెప్పీయే వెళ్తుంది, బండి మారే పనే లేదు.

ప్రశ్న: మొన్న ఒక లాడ్జిలో రెండు వేల గదికి 12 శాతం జీఎస్‌టీ వేశారు. ఇది కరెక్టేనా? – విజయనగరం

జవాబు: 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7500 దాకా ఉన్న గదికి 5 శాతమే అండీ, అంతకు మించితే 18. మీరు దిగింది ఆ తేదీ తర్వాతైతే బిల్లు పట్టుకుని వెళ్ళి అడగండి, ఎక్కువ తీసుకున్నది తిరిగి ఇమ్మనండి. ఇకనుంచి గది తీసుకునేటప్పుడే టాక్సుతో కలిపి మొత్తం ఎంతవుతుందో అడిగి కాగితం మీద రాయించుకోండి.