అడగండి లాయరమ్మని: ఫ్రీ కేసులు చేయాల్సిందేనా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. నేను లాయరుగా ఎన్‌రోల్ అయి నాలుగేళ్లు, వైజాగ్ కోర్టులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా ఉన్నాను. అక్కయ్యపాలెంలో రూమ్ అద్దె కట్టడానికే నెలాఖరుకి ఎవరో ఒకర్ని అప్పు అడగాల్సి వస్తోంది. మా ఊరివాళ్లు, అమ్మ తరఫు చుట్టాలు, వాళ్లకి తెలిసినవాళ్లు అందరూ 'మనోడే కదా' అని కాగితాలు పట్టుకొచ్చేస్తారు, ఫీజు మాటెత్తితే మొహాలు మాడిపోతాయి. మా సీనియర్ని అడిగితే 'పేదోళ్లకి ఫ్రీగా చేయడం వృత్తి ధర్మం రా' అంటారు, ఆయన చేయగా మాత్రం నేను చూళ్లేదు. నిజంగా ఇది మా బాధ్యతేనా? డాక్టర్ని, ఇంజనీర్ని ఎవరూ ఇలా నిలదీయరు కదా?
- ఒక జూనియర్ లాయర్

జవాబు: తమ్ముడూ, ముందు చుట్టాల సంగతి తేల్చేద్దాం. ఎంవీపీ కాలనీలో రెండు ఫ్లాట్లున్న బాబాయి పార్టిషన్ (ఆస్తి పంపకాల) దావా ఫ్రీగా వేసిపెట్టడం సేవ కాదు, మొహమాటం. బాబాయి దగ్గర ఫీజు తీసుకో, నిక్షేపంలా తీసుకో, ఆయన రెండ్రోజులు అలిగి మూడో రోజు ఫోన్ చేస్తాడు.

ఇక అసలు ప్రశ్న. రూల్ ఉందా అంటే ఉంది. లాయర్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 46వది చూడు. లాయరు అవసరం నిజంగా ఉన్నవాడికి, పూర్తి ఫీజు కట్టలేకపోయినా సరే, సాయం అందాలి, పేదలకి అణగారినవాళ్లకి ఉచితంగా చేయడం లాయరు సమాజానికి బాకీ పడ్డ పెద్ద బాధ్యతల్లో ఒకటి అని ఉంటుంది. కానీ అదే వాక్యం మధ్యలో ఇంకో ముక్క ఉంది, మీ సీనియర్ దాన్ని మింగేసినట్టున్నారు: లాయరు ఆర్థిక స్తోమత మేరకు. అంటే ఈ బరువు అందరి మీదా ఒకేలా లేదు, అద్దెకి అప్పు చేసే నీ మీద తక్కువ, కారులో వచ్చే ఆయన మీద, నా మీద ఎక్కువ. మన దగ్గర మాత్రం ఫ్రీ కేసులన్నీ జూనియర్ నెత్తినే పడతాయి, పేరు సీనియర్‌కి పోతుంది, ఇది నేను ముప్పై ఏళ్లుగా బార్ రూమ్‌లో చూస్తున్నదే.

డాక్టర్ని అడగరు కదా అన్నావు. జ్వరమొస్తే పెద్ద ఆస్పత్రికి పోలేనివాడు సర్కారు ఆస్పత్రి కేజీహెచ్ ఓపీలో లైను కడతాడు, అదీ కుదరకపోతే వీధి చివర ఆరెంపీ ఉంటాడు, మంచో చెడో ఏదో ఒక దారి. కోర్టులో ఆరెంపీ లేడు. అడ్వొకేట్స్ యాక్ట్ 1961 ప్రకారం ఎన్‌రోల్ అయిన లాయరే ప్రాక్టీసు చేయాలి, తన కేసు తాను వాదించుకోవచ్చు అంటారు గానీ సంతకం పెట్టడానికే తడుముకునే మనిషి జడ్జి ముందు ఏం వాదించుకుంటాడు చెప్పు. తలుపు దగ్గర మనమే నిలబడ్డాం, ఇంకెవర్నీ నిలబడనివ్వం, అలాంటప్పుడు డబ్బుల్లేవని ఒకణ్ణి పొమ్మంటే వాడికి వెళ్లడానికి ఇంకో చోటు లేదు. నా మట్టుకు బాధ్యత అనేది ఇక్కడ్నించే వస్తుంది, జాలి నుంచీ కాదు, పుణ్యం నుంచీ కాదు.

ప్రభుత్వం ఉంది కదా అంటావేమో, ఉంది, నిజానికి మొదటి బాధ్యత దానిదే. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో 39ఎ అధికరణం పెట్టి ఉచిత న్యాయసాయం రాజ్యం చూసుకోవాలన్నారు, 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం చేశారు, అది అమల్లోకి రావడానికి 1995 నవంబరు 9 దాకా పట్టింది (కోర్టు వాయిదాల్లాగే). ఆ లోపు 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు, బీహార్ జైళ్లలో పడే శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిపోయినవాళ్లని చూసి, ఉచిత లాయరు ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమే అంది. అమెరికాలో న్యూయార్క్ వాళ్లయితే 2015 నుంచి బార్‌లో చేరేముందే 50 గంటల ఉచిత సేవ చేసి చూపించమంటున్నారు. మన దగ్గర అలా గంటల లెక్క పెడితే ఏమవుతుందో నీకూ తెలుసు, గుమాస్తా రిజిస్టర్లో రాసేస్తాడు. బలవంతపు సేవ మీద నాకు నమ్మకం లేదు.

ఎందుకు లేదో చెప్తా, ఇది నా తప్పు. ప్రాక్టీసులో ఆరో ఏడు, జాలారిపేట నుంచి చేపలమ్ముకునే ఒకావిడ వచ్చింది, ప్రోనోటు మీద నలభై వేలకి దావా వేశారు, సగం తీర్చేసింది కానీ రసీదు లేదు. ఫీజు వద్దమ్మా అన్నా, చాలా గొప్పగా అన్నా. ప్రతి వాయిదాకీ చిన్న పొట్లంలో ఎండు రొయ్యలు తెచ్చేది, నేను ఇంటికి తీసుకెళ్లి వండించుకునేదాన్ని కూడా. ఒకరోజు ఆవిడ వాయిదా రోజే అనకాపల్లిలో నాకు బాగా ఫీజిచ్చే పార్టీ కేసు పడింది, అటు వెళ్లిపోయా, ఇక్కడ చూడమని ఒక ఫ్రెండ్‌కి చెప్పా, ఆయన మర్చిపోయాడు, ఎక్స్‌పార్టీ డిక్రీ (మన వైపు ఎవరూ రాలేదని ఏకపక్షంగా ఇచ్చే తీర్పు) అయిపోయింది. ముప్పై రోజుల్లో దాన్ని కొట్టేయమని సెట్ అసైడ్ పిటిషన్ వేయొచ్చు కాబట్టి వేశాం, నెలలు పట్టింది. నేను సారీ చెబుదామని పిలిస్తే ఆవిడ నన్నేమీ అనలేదు, కొంగుముడి విప్పి రెండొందలు తీసి నా బల్ల మీద పెట్టి 'ఈ పాలికి ఇది ఉంచండమ్మా, వాయిదాకి రండి' అంది.

నేను తీసుకోలేదు. తీసుకుని ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అప్పట్నించీ ఫ్రీ కేసులకి వేరే డైరీ పెట్టడం మానేశా, ఫీజు కేసుల మధ్యలోనే రాస్తా, ఏది ఏదో నా జూనియర్‌కి కూడా చెప్పను.

కాబట్టి నువ్వు ఒకేసారి పది ఒప్పుకోకు, ఒక్కటి పట్టుకో, చివరి వాయిదా దాకా వెళ్లు. కోర్టు ఫీజు, జెరాక్సు, ప్రాసెస్ (సమన్లు పంపే) ఖర్చులు ఎవరివో మొదటి రోజే మాట్లాడేసుకో, సగం గొడవలు అక్కడే. నీకు ప్రాక్టీసు మూడేళ్లు దాటింది కాబట్టి, ప్రభుత్వం తరఫున ఉచిత లాయర్ని ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థ ప్యానెల్‌కి కూడా అప్లై చెయ్యి, వాళ్లిచ్చే ఫీజు ఆలస్యంగా వస్తుంది, తక్కువే వస్తుంది, కానీ అది నీ హక్కు ఫీజు, కేసు నడపడం కూడా చేతికొస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారు లారీ యాక్సిడెంట్‌లో పోయారు. లాయరు గారు 'ఫీజేం వద్దు, ఫ్రీగా చేస్తా, వచ్చిన పరిహారంలో 20 శాతం ఇవ్వండి' అన్నారు. ఇది ఫ్రీ సర్వీసు కిందకి వస్తుందా?
- పెందుర్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: రాదు బాబూ. కేసు ఫలితంలో వాటా మాట్లాడుకోవడం లాయర్లకి నిషేధం, బార్ కౌన్సిల్ 20వ రూల్. కేజీహెచ్ మార్చురీ బయటే ఈ బేరాలు మొదలైపోతాయని అందరికీ తెలుసు, అందరం చూడనట్టుంటాం. ఇంత ఫీజు అని ముందే మాట్లాడుకుని రసీదు అడగండి, ఇవ్వనంటే వేరే లాయర్ని చూసుకోండి, ఖాళీ కాగితాల మీద, చెక్కుల మీద మాత్రం సంతకాలు పెట్టకండి.

ప్రశ్న: నాకు ప్రైవేటు ఉద్యోగం, 25 వేల జీతం. భర్త మీద మెయింటెనెన్స్ కేసు వేయాలి. జీతం ఉన్నవాళ్లకి గవర్నమెంటు లాయర్ని ఇవ్వరని పక్కింటివాళ్లు అంటున్నారు, నిజమేనా?
- కంచరపాలెం నుంచి ఒక సోదరి

జవాబు: అమ్మా, పక్కింటివాళ్లది తప్పు. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేదు, న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ చదివితే తెలుస్తుంది. పారిశ్రామిక ప్రమాద బాధితులు కూడా అందులో ఉన్నారు, 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు వెంకటాపురం వాళ్లలో ఎంతమందికి ఈ ముక్క ఎవరైనా చెప్పారో నాకైతే అనుమానమే. మీరు కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి, తెల్లకాగితం మీద రాసిచ్చినా తీసుకుంటారు, కోర్టు ఫీజు కూడా వాళ్లదే. వాళ్లిచ్చిన లాయరు మిమ్మల్ని పైసా అడగకూడదు, 'టీ ఖర్చులు' అని కూడా. అడిగితే అక్కడి సెక్రటరీకి కంప్లైంట్ రాసివ్వండి, ఆ కుర్చీలో ఉండేది జడ్జిగారే.