నెల వెచ్చాలకు పరిమితిని తూకంలో పెట్టుకున్న అనుభవం

హైదరాబాదులో నలుగురున్న కుటుంబమని, నెల మొదట్లో వెచ్చాలకు ఇంతని ఒక మొత్తం పక్కన పెట్టినా ఇరవయ్యో తేదీకల్లా అది అయిపోతున్నదని, ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదని మీరు అడిగారు. మాదీ ఈ ఊళ్లో నలుగురున్న ఇల్లే, ఇంటి పద్దు చాలా ఏళ్లుగా నేనే రాస్తున్నాను. నేను గమనించినంతవరకు రూపాయల్లో పెట్టుకున్న పరిమితి నిలబడదు, ఎందుకంటే ధర మన చేతిలో ఉండదు. 2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటినప్పుడు ఎంత పొదుపుగా నడిచే ఇంటి లెక్కైనా తప్పింది. మన చేతిలో ఉండేది వాడకం ఒక్కటే కాబట్టి, ఏ సరుకు నెలకు ఎంత ఖర్చవుతున్నదో ముందు తెలుసుకుని, పరిమితిని కిలోల్లో, లీటర్లలో పెట్టుకోమని నా సలహా.

ఇందుకు పెద్ద శ్రమ అక్కరలేదు. సరుకును డబ్బాలో పోసిన రోజున తేదీ, తూకం ఒక చిన్న కాగితం మీద రాసి డబ్బాకు అంటించండి. అది నిండుకున్న రోజున రెండో తేదీ వేయండి. రెండు మూడు నెలలు ఇలా చేస్తే మీ ఇంటి అసలు వాడకం బయటపడుతుంది. పోపు దినుసుల దాకా లెక్క రాయవలసిన పని లేదు. బియ్యం, పప్పులు, నూనె, పంచదార, చిరుతిళ్లు చూస్తే చాలు.

మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ తేడా కనిపించింది నూనెలో. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోకేలరీల భోజనానికి నూనె, నెయ్యి వంటివి 27 గ్రాములుగా చూపించారు. నలుగురికి ముప్పై రోజులకు లెక్కగడితే అది 3,240 గ్రాములు. లీటరు పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, నెయ్యితో కలుపుకుని నెలకు మూడున్నర లీటర్లకు కాస్త పైన సరిపోవాలి. మా ఇంట్లో మాత్రం అయిదు లీటర్ల డబ్బా అయిపోయి, నెలాఖరులో మరో ప్యాకెట్టు వచ్చేది. వేపుళ్లను వారానికి రెండు రోజులకు పరిమితం చేసి, మిగిలిన రోజుల్లో పప్పు, పులుసు, ఆవపెట్టిన కూరలు వండుకోవడం, నూనెను సీసాతో వంచకుండా చిన్న గరిటెతో కొలిచి పోయడం మొదలుపెట్టాక వాడకం నాలుగు లీటర్లకు దిగింది. పిల్లలు బంగాళాదుంప వేపుడు కోసం కొన్నాళ్లు అలిగారు, అది వేరే సంగతి. నూనె కొనేటప్పుడు ప్యాకెట్టు మీది తూకం తప్పక చదవండి, ఎందుకంటే లీటరు ప్యాకెట్టు పక్కనే అచ్చం అలాగే కనిపించే తక్కువ తూకం ప్యాకెట్లు కూడా అమ్ముతున్నారు. గ్రాముకు ఇంతని యూనిట్ ధర ముద్రిస్తున్న మాట నిజమే కాని, అది గరిష్ఠ చిల్లర ధర మీద కట్టినది. రాయితీ ఇచ్చినప్పుడు ఏది చవకో మనమే భాగించుకుని చూడాలి.

బియ్యం విషయంలోనూ బస్తా ధర చూసి మోసపోవద్దు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉండే, ముందుగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ విధించడంతో, దాన్ని తప్పించుకోవడానికి మిల్లర్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. అందుచేత రెండు కొట్ల ధరలను పోల్చేటప్పుడు కిలో ధరే పోల్చాలి. పాత బియ్యం కిలోకు కొన్ని రూపాయలు ఎక్కువైనా అన్నం బాగా ఒదుగుతుంది. కొత్త బియ్యం ముద్దవుతుంది, అన్నం తక్కువవుతుంది, తిన్నవారికి తృప్తి ఉండదు. ఇక్కడ చవక కోసం చూడకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఏడాదికి సరిపడా కొనడం గురించి పెద్దలు చెప్పేది ఎండుమిరపకాయలు, చింతపండు విషయంలో నేటికీ సరైనదే. సంక్రాంతి దాటాక మొదలై వేసవి వరకు కొత్త సరుకు వస్తుంది, నిలువ కూడా ఉంటుంది. అయితే ఆ ఖర్చును ఒకే నెల పద్దులో వేస్తే ఆ నెల లెక్క తలకిందులవుతుంది కాబట్టి, ఆవకాయ సామానుతో సహా దాన్ని పన్నెండు భాగాలు చేసి ప్రతినెలా కొంత పక్కన పెట్టుకోవాలి. కందిపప్పు మాత్రం, ఎండబెట్టడానికి డాబా లేని అపార్ట్‌మెంటు వాసులు రెండు మూడు నెలలకు మించి కొనకండి. పురుగు పట్టి పారబోస్తే చవకగా కొన్నదంతా అందులోనే పోతుంది.

కూరగాయలకు వారానికొకసారి రైతు బజారుకు వెళ్లడం నాకు కలిసివచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లు మన ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లిలో ఉన్నాయి. ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద ఉంటాయి కనుక బేరం అవసరం పడదు. ఏం కొనాలో ఇంటి దగ్గర తేల్చుకుని వెళ్లకుండా, అక్కడి ధరలు చూశాకే నిర్ణయించుకోండి. టమాటా మండిపోతున్నప్పుడు పప్పులో చుక్కకూరో గోంగూరో వేసుకుంటే ఏమీ తక్కువ కాదు.

మీ డబ్బు ఇరవయ్యో తేదీకే అయిపోవడానికి బహుశా పప్పు, బియ్యం కారణం కాదు. కొత్తిమీర కట్ట కోసం ఫోను తెరిచి, డెలివరీ రుసుము తప్పించుకోవడానికి చిప్స్, బిస్కట్లు జోడించే చిన్న చిన్న ఆర్డర్లు నెలకు ఎన్ని ఉన్నాయో మీ ఫోనులోనే కనిపిస్తుంది. ఒకసారి కూడి చూడండి. సూపర్ మార్కెట్ బిల్లులోనూ సబ్బులు, బట్టలపొడి, ప్లాస్టిక్ డబ్బాలు తిండి ఖర్చుగా చేరిపోతుంటాయి కాబట్టి వాటిని వేరే పద్దులో రాయండి. ఖర్చు తగ్గించాలని పాలు, గుడ్లు, పప్పుల జోలికి మాత్రం వెళ్లకండి, పిల్లలున్న ఇంట్లో అది పొదుపు అనిపించుకోదు. రెండు నెలల తూకాలు రాశాక ఆ అంకెలు ఇక్కడ తెలియజేస్తే, మా ఇంటి వాడకంతో పోల్చి ఎక్కడ తేడా ఉన్నదో చెప్పగలను.