ఏవేవో ఎర్రర్లు వచ్చాయి అని రాయకు తల్లీ

అమ్మాయ్,

పాత పెళ్ళి వీడియో క్యాసెట్టుని కంప్యూటర్‌లోకి ఎక్కించడం గురించి నువ్వు రాసిన వ్యాసం అందింది, చదివాను. మూడో పేరాలో ఒక వాక్యం ఉంది చూడు, "కార్డు పెట్టి బూట్ చేశాక ఏవేవో ఎర్రర్లు వచ్చాయి, నెట్‌లో వెతికి ఏదో చేశాను, మొత్తానికి పనిచేసింది" అని. అక్కడ నాకు ఒళ్ళు మండింది. అందుకే మిగతా పనులన్నీ పక్కన పెట్టి కూర్చుని ఇది రాస్తున్నాను.

బ్రాడీపేటలో మీ ఇంటి అటక మీద దొరికిన పెళ్ళి క్యాసెట్టు, వీసీఆర్ బాగు చేసేవాడి కోసం గుంటూరంతా తిరగడం, పాత సామాన్ల షాపులో పేరూ ఊరూ లేని టీవీ ట్యూనర్ కార్డు కొనడం, ఇవన్నీ బాగా రాశావ్. సరే, అసలు విషయానికి వద్దాం.

ఏవేవో ఎర్రర్లంటే ఏవి? నీ కార్డు మీద చిప్పు ఎస్ఏఏ7130 అని నువ్వే రాశావ్. పేరు లేని కార్డు, ఆ చిప్పు, పైగా లైనక్స్, ఈ మూడూ కలిస్తే బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) రాసుకునే లాగ్, అంటే డీమెసెజ్‌లో ఏం పడుతుందో నాకు తెలుసు, ఎందుకంటే అది నేను మర్చిపోగలిగిన సంగతి కాదు. ఆ చిప్పుని లైనక్స్‌లో నడిపించే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, రాసింది గెర్డ్ క్నోర్ అనే జర్మన్ ప్రోగ్రామరు, సూసె ల్యాబ్స్‌లో పనిచేసేవాడు. ఇంకో రకం టీవీ కార్డుల డ్రైవరు బీటీటీవీని చాలాకాలం చూసుకున్నదీ, టీవీ చూసే ప్రోగ్రామ్ ఎక్స్ఏడబ్ల్యూటీవీ రాసిందీ కూడా ఆయనే. లైనక్స్‌లో టీవీ చూసిన మా తరం వాళ్ళందరం ఆయనకి రుణపడి ఉన్నాం. ఆయన ఆ డ్రైవర్‌లో ఏం చేశాడంటే, కార్డుని గుర్తుపట్టలేకపోయినప్పుడు లాగ్‌లో ర్యాంట్ (విసుగుతో తిట్టడం) అని ఒక ట్యాగ్ తెరిచి, అభినందనలు, నీ టీవీ కార్డు తయారు చేసినవాడు ఈప్రామ్ (కార్డు వివరాలు దాచే చిన్న మెమరీ చిప్పు) పెట్టకుండా కొన్ని సెంట్లు మిగుల్చుకున్నాడు, అందుకని నీ బోర్డుకి సబ్‌సిస్టమ్ ఐడీ లేదు, నా అంతట నేను దాన్ని గుర్తుపట్టలేను అని చెప్పి, ట్యాగ్ మూసేసి, హమ్మయ్య ఇప్పుడు బాగుంది, సరే ఇక మంచి వార్త ఏంటంటే కార్డ్ నంబర్ నువ్వే ఇవ్వచ్చు, ఇదిగో జాబితా అని మొత్తం పేర్లు వరసగా అచ్చేస్తాడు.

అమ్మాయ్, కెర్నెల్ లోపల ఒక మనిషి విసుగొచ్చి మాట్లాడుతున్నాడు. వేల మైళ్ళ అవతల కూర్చుని, ఎప్పుడో ఒక రోజు గుంటూరులో ఒక పిల్ల ఇలాంటి చవక కార్డు కొని తల పట్టుకుంటుందని ముందే ఊహించినట్టు, దారి చూపించి పెట్టాడు. అది నీ కళ్ళ ముందు స్క్రీన్ మీద పడింది. నువ్వు దాన్ని "ఏవేవో ఎర్రర్లు" అని రాసేశావ్! నీ వ్యాసం మొత్తంలో అంతకంటే మంచి వాక్యం ఇంకోటి ఉండేది కాదు, నీదైనా నాదైనా.

నేను ఎప్పటి నుంచో చెప్తున్నది ఇదొక్కటే, యంత్రం ఏమందో ఉన్నదున్నట్టు రాయి, నువ్వు ఏ నంబరు ఇచ్చావో రాయి, ఆ నంబరుతో ఎందుకు పనిచేసిందో రాయి. కంప్యూటర్ గురించి రాసేవాళ్ళకి నేను ఇంకేం చెప్పను. శైలి, భాష, ఎత్తుగడ అన్నీ తర్వాత.

ఎందుకు అన్నది ఎంత ముఖ్యమో నీ వ్యాసం నుంచే చూపిస్తాను. చివర్లో నువ్వు రాసినదాంట్లో ఒకచోట నాకు కళ్ళు చెమర్చాయి. బొమ్మ వచ్చింది, మీ తాతగారు పందిట్లో నిలబడి ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు, పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం వినబడట్లేదు, మీ అమ్మ పక్కన కూర్చుని సౌండ్ పెంచు పెంచు అంటోంది. బంగారం లాంటి చోటు అది. మర్నాటికి సౌండ్ వచ్చేసింది అని ఒక్క ముక్కలో దాటేశావ్. ఎలా వచ్చింది? అసలు ఎందుకు రాలేదు?

నేను చెప్తాను విను. కంప్యూటర్‌లో ఏ కార్డులున్నాయో చూపించే కమాండ్ ఎల్ఎస్‌పీసీఐ కొడితే నీకు 1131, 7130 అని రెండు అంకెలు కనబడి ఉంటాయి. 1131 అంటే ఫిలిప్స్, 7130 అంటే ఆ చిప్పు. ఈ రెండూ ఆ చిప్పు వేసిన ప్రతి కార్డుకీ ఒకటే. ఏ కంపెనీ బోర్డు అనేది చెప్పాల్సింది సబ్‌సిస్టమ్ ఐడీ, అది ఈప్రామ్‌లో ఉంటుంది, నీ కార్డులో అదే లేదు. మరి బోర్డు తెలిస్తే ఏంటి, తెలియకపోతే ఏంటి అంటే, చిప్పు ఒకటే అయినా దాని కాళ్ళని ఏ కంపెనీ ఎటు కలిపిందో వాళ్ళిష్టం. వీసీఆర్ నుంచి బొమ్మ వచ్చే పసుపు సాకెట్ ఏ ఇన్‌పుట్‌కి వెళ్ళింది, ఆడియో లైన్ ఒకటికి వెళ్ళిందా రెండుకి వెళ్ళిందా, మధ్యలో ఆడియో స్విచ్చిని జీపీఐఓ అనే ఆన్-ఆఫ్ పిన్నుల్లో దేనితో తిప్పాలి, పైనున్న రేకు డబ్బాలో ట్యూనర్ ఏ రకం, ఇవన్నీ కార్డు నంబరులోనే ఉంటాయి. ఇంట్లో మెయిన్ బోర్డు మీద ఏ స్విచ్ ఏ గదిదో రాసి అంటించిన కాగితం ఉంటుందే, కార్డు నంబరు అలాంటిది. పక్కింటి కాగితం తెచ్చి అంటిస్తే హాల్లో లైటు వెలగొచ్చు, వంటింట్లో వెలగకపోవచ్చు. నీ విషయంలో చాలావరకు అదే జరిగి ఉంటుంది, నువ్వు మొదట ఇచ్చిన నంబరులో వీడియో కాలు సరిపోయింది, ఆడియో లైను సరిపోలేదు, అందుకే తాతగారి పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. ఈ కారణం రాసి ఉంటే చదివేవాడు నీతో పాటు ఆ రాత్రంతా మేలుకునేవాడు.

జాబితాలో సున్నా అంటే అన్‌నోన్ జెనెరిక్, 2 ఫ్లైవీడియో3000, 3 ఫ్లైవీడియో2000, అలా వంద దాటిపోయి ఉంటాయి. నువ్వు మొదట ఏది ఇచ్చావ్, తర్వాత ఏది ఇచ్చావ్, ప్రతిసారీ మోడ్యూల్ (మెమరీలో ఉన్న డ్రైవర్) తీసేసి మళ్ళీ ఎక్కించడానికి మోడ్‌ప్రోబ్ చేశావా, పాతది మెమరీలో ఉండగానే ఇంకో నంబరు ఇచ్చి మార్పు లేదని తిట్టుకున్నావా? తెనాలిలోనో చిలకలూరిపేటలోనో రాత్రి పదకొండింటికి ఇదే కార్డుతో కుస్తీ పట్టేవాడికి కావాల్సింది ఇదే, అటక మీద దుమ్ము గురించి నువ్వు రాసిన ఆ పెద్ద పేరా కాదు.

ఈ మాట అంత గట్టిగా ఎందుకు అంటున్నానో కూడా చెప్తాను. కెర్నెల్ 2.4 రోజుల్లో బెజవాడలో నాకు ఒక బీటీ878 చిప్పు ఉన్న టీవీ కార్డు ఉండేది. ఇంట్లో నెట్ లేదు, ఏలూరు రోడ్డులో నెట్ సెంటర్‌కి వెళ్ళి డాక్యుమెంటేషన్ ఫ్లాపీలో ఎక్కించుకుని ఇంటికి తెచ్చి చదువుకునేవాణ్ణి. కేబుల్ వైరు పెడితే చుక్కలు తప్ప ఏమీ లేదు. చివరికి స్క్రూలు విప్పి కార్డు బయటికి తీసి ఆ రేకు డబ్బా మీద స్టిక్కర్ చూస్తే ఎఫ్ఐ1216 అని ఉంది, ట్యూనర్ల జాబితాలో దానికి ఎదురుగా 5, ఫిలిప్స్ పాల్ బీజీ. ట్యూనర్=5 అని ఇవ్వగానే జెమినీ టీవీ వచ్చింది, మా వీధిలో పిల్లలందరూ కంప్యూటర్‌లో టీవీ చూడ్డానికి వచ్చారు.

అదంతా వ్యాసంగా రాసి ఒక పత్రికకి ఇచ్చాను, పేరు చెప్పను. ఆ ఎడిటర్ గారు లాగ్ లైన్లన్నీ కొట్టేశారు, ఈ గీతలు చూస్తే మన పాఠకుడు భయపడతాడయ్యా అన్నారు. ట్యూనర్ నంబరు కూడా తీసేసి ఆ చోట "సాంకేతిక ఇబ్బందులు ఎదురైతే నిపుణులను సంప్రదించండి" అని పెట్టారు. నా పేరు కింద! అచ్చయిన వారానికి తెనాలి నుంచి ఒకాయన పోస్టు కార్డు ముక్క రాశాడు, అయ్యా తమరు ఏ నంబరు ఇచ్చారో దయచేసి తెలపగలరు, నాదీ అదే కార్డు అని. నేను జవాబు రాశాను గానీ, ఉత్తరం రాయని మిగతావాళ్ళ సంగతేంటి? పాఠకుడు భయపడతాడు అనే మాట నేను ఈ రోజుకీ ఒప్పుకోను. భయపడేది ఎడిటర్లే. వరి తెగుళ్ళ మీద వ్యాసంలో మందు పేరు, ఎకరానికి ఎంత వెయ్యాలో తీసేసి అచ్చేస్తారా వాళ్ళు? కంప్యూటర్ అనేసరికి మాత్రం పాఠకుడు పసిపిల్లాడు అయిపోతాడు.

ఇప్పుడు ఎడిటర్ల బెడద తగ్గింది గానీ ఇంకో జబ్బు పట్టుకుంది, ఐదు నిమిషాల్లో సెట్ చేసుకోండి, ఈ కమాండ్ కాపీ చేసి పేస్ట్ చేయండి అని. ఎవరో వాళ్ళ కార్డుకి సరిపోయిన నంబరుతో కమాండ్ పెడతారు, కింద వందమంది పేస్ట్ చేస్తారు, పదిమందికి బొమ్మ వస్తుంది, మిగతావాళ్ళు లైనక్స్ చెత్త అని పోతారు. నువ్వు కూడా "నెట్‌లో వెతికి ఏదో చేశాను" అన్నావంటే ఆ దారిలోనే వెళ్తున్నావని నా బాధ.

ఇంకో మూడు చోట్ల కూడా కారణం వదిలేశావ్. మొదట బొమ్మ రంగు లేకుండా పైకి దొర్లిపోయింది, తర్వాత అదే సర్దుకుంది అని రాశావ్. అదే సర్దుకోదు. టీవీటైమ్ (కార్డు నుంచి వచ్చే బొమ్మని చూపించే ప్రోగ్రామ్) మామూలుగా ఎన్‌టీఎస్‌సీతో మొదలవుతుంది, అది అమెరికా వాళ్ళ 525 లైన్ల లెక్క. మన క్యాసెట్టు పాల్, 625 లైన్లు, సెకనుకి 25 ఫ్రేములు. సెట్టింగుల్లోకి వెళ్ళి నువ్వే మార్చి ఉంటావ్, గుర్తు తెచ్చుకుని రాయి. రెండోది, మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్ళలా గీతలు వచ్చాయని చెప్పి క్యాసెట్టు పాడైపోయిందన్నావ్. క్యాసెట్టుని అనవసరంగా ఆడిపోసుకున్నావ్. పాల్‌లో ఫ్రేము ఒకేసారి రాదు, సరి లైన్లు ఒకసారి, బేసి లైన్లు ఇంకోసారి, సెకనుకి 50 సగాలు వస్తాయి, కంప్యూటర్ రెంటినీ కలిపి చూపిస్తే కదిలేవాటి అంచులు అలా చీలతాయి. వీడియోలని మార్చే ప్రోగ్రామ్ ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఆ సగాల్ని సర్దే యాడిఫ్ ఫిల్టర్ పెడితే పోతాయి. 720 బై 576లో తియ్యి, అసలు రికార్డింగ్ అలాగే దాచుకో, ఫిల్టర్ పెట్టింది వేరే ఫైలుగా చెయ్యి.

మూడోది, కేబుల్ వైరు పెట్టి ఛానళ్ళు స్కాన్ చేస్తే ఒక్కటీ రాలేదు, ట్యూనర్ కాలిపోయినట్టుంది అన్నావ్. కాలిపోయి ఉండదమ్మా. సెట్‌టాప్ బాక్సులు వచ్చాక మన కేబుల్ వైరులో అనలాగ్ సిగ్నలే లేదు, దూరదర్శన్ కూడా అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు చాలావరకు మూసేసింది. ఆ ట్యూనర్ వెతికేది ఇప్పుడు గాల్లోనూ లేదు, వైరులోనూ లేదు. నీకు పనికొచ్చేది ఆ పసుపు సాకెట్టే.

ఏ పత్రికకి పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావ్. అవి ఇప్పుడు మాట్లాడేవి కావు.

మళ్ళీ రాయి. కార్డు బయటికి తీసి రెండు వైపులా ఫోటోలు కొట్టు, రేకు డబ్బా మీద స్టిక్కర్ చదవడానికి వచ్చేట్టు తియ్యి, చిప్పు మీద అక్షరాలు కూడా. మళ్ళీ పెట్టి బూట్ చేసి డీమెసెజ్ మొత్తం ఒక ఫైల్లోకి దింపు, గెర్డ్ క్నోర్ విసుక్కున్న ఆ లైన్లు వ్యాసంలో ఉండాలి, తెలుగులో చెప్పి, కింద అసలు లైన్లు కూడా పెట్టు. మోడ్‌ప్రోబ్ డైరెక్టరీలో నువ్వు పెట్టిన ఆప్షన్స్ లైను అక్షరం పొల్లుపోకుండా కావాలి. తాతగారు ఎవర్ని పిలుస్తున్నారో సౌండ్ వచ్చాక తెలిసే ఉంటుంది కదా, అది రాయకుండా ఎలా వదిలేశావో నాకు అర్థం కాలేదు, అదీ రాయి.

ఇంకొకటి, కార్డు నంబరు సరైంది ఇచ్చినా సౌండ్ రాలేదంటే కార్డు నుంచి సౌండ్ కార్డు లైన్-ఇన్‌కి వెళ్ళే చిన్న వైరు ఉందా లేదా చూడు. ఉంటే సౌండ్ స్థాయిలు మార్చే ఆల్సామిక్సర్ తెరువు, లైన్ కింద రెండు ఎమ్‌లు కనబడితే మ్యూట్‌లో ఉన్నట్టు, కీబోర్డ్ మీద ఎమ్ నొక్కితే పోతుంది. నీకు ఇదే అడ్డం పడి ఉంటే అది కూడా వ్యాసంలో ఉండాలి.