తొమ్మిది మందే వస్తే యూదుల ప్రార్థన ఆగిపోతుందా?

ఆగదు, కానీ కుదించుకోవాలి. సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, సామూహిక ప్రార్థనకు కనీసం పదిమంది ఉండాలి, దీన్నే మిన్యాన్ అంటారు. యూదుల్లో సంప్రదాయాన్ని గట్టిగా పాటించే ఆర్థోడాక్స్ వాళ్లు 13 ఏళ్లు నిండిన మగవాళ్లనే లెక్కలోకి తీసుకుంటారు. సంస్కరణవాదులైన రిఫార్మ్ వాళ్లు, మధ్యేమార్గపు కన్సర్వేటివ్‌లలో ఎక్కువమంది ఆడవాళ్లనూ కలుపుతారు. రబ్బీ (మతగురువు) ఉండి తీరాలన్న నియమం మాత్రం లేదు.

తొమ్మిది మందే ఉంటే షెమా, అమీదా అనే ముఖ్య ప్రార్థనలు ఎవరికి వాళ్లు చదువుకుంటారు. బరెఖు (ప్రార్థనకు పిలుపు), కెదుషా (దేవుడి పవిత్రతను చాటే భాగం), దీవెనలతో తోరా (యూదుల పవిత్ర గ్రంథం) పారాయణం మానేస్తారు. అసలు ఇబ్బంది కద్దీష్‌తో, అంటే పోయినవాళ్ల కోసం చెప్పే దైవస్తుతితో. తల్లో తండ్రో పోతే 11 నెలలు రోజూ, ఆపైన ఏటా హీబ్రూ పంచాంగం ప్రకారం, మన తద్దినంలా, ఆ తిథినాడు కద్దీష్ చెబుతారు. వింటున్నవాళ్లు "ఆమెన్" అనాలి గనక ఒంటరిగా కుదరదు. అందుకే ఆ రోజుకు అన్నదమ్ములు, మేనల్లుళ్లు ముందే కబురు పెట్టుకుని ఒకచోట చేరడం మామూలే. కొచ్చిలోని 1568 నాటి పరదేశి సినగాగ్‌లోనైతే, చాలా కుటుంబాలు ఇజ్రాయెల్ వెళ్లిపోయాక, బయటి నుంచి వచ్చిన యూదులు కలిస్తేనే పది పూర్తవుతుంది.

మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. కీర్తనల గ్రంథం 28:9లో హీబ్రూ పదాలు సరిగ్గా పది. మనిషికో పదం అంటూ పోతారు. చివరి పదం మిగిలిపోయిందా, ఒకరు తక్కువన్నమాట! పదిమందితో మొదలయ్యాక కొందరు మధ్యలో వెళ్లిపోతే, ఆరుగురు మిగిలినా ఆ భాగం పూర్తి చేయొచ్చు. అయినా అలా మధ్యలో వెళ్లిపోవడం తప్పుగానే చూస్తారు.