ఆర్కిడ్ గింజలో ఉన్నది అంకురమా, పిండమా?

సందేహం: మిద్దె మీద డెండ్రోబియం ఆర్కిడ్లు పెంచుతున్నాను. 'ఆర్కిడ్ గింజలో అంకురం నెలల తరబడి ఎదుగుతుంది' అని రాస్తే, పిండం అనాలన్నారు మిత్రులు. ఇక్కడి కన్నడ పాఠాల్లో భ్రూణ అంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ మిత్రుల మాటే నాకు సమ్మతం. గర్భానికి భ్రూణం పర్యాయమని అమరకోశం చెప్పింది. కన్నడం దాన్ని మొక్కకూ చెల్లించుకుంది, తెలుగులో ఆ వాడుక కుదురుకోలేదు. అంకురం బయటికి తలెత్తిన కొత్త మొలక. పిండమంటే ముద్ద; శ్రాద్ధంలో పెట్టే పిండం సంగతి అందరికీ తెలిసిందే.

ఇక పోతన. భాగవతం తృతీయస్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి గర్భవృద్ధిని చెబుతాడు: ఒక రాత్రికి కలలం, అయిదు రాత్రులకు బుద్బుదం, పదో నాటికి కర్కంధువు, అంటే రేగుపండంత, ఆపైన పేశి, అంటే మాంసపు ముద్ద. తల రావడానికి నెల, కాళ్లూ చేతులూ రావడానికి రెండు నెలలు. ముద్ద కట్టడం వేరు, అవయవాలు విడివడటం వేరు అని ఎంత చక్కగా గీత గీశాడు!

ఆర్కిడ్ ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. సంయుక్తబీజం, అంటే ఫలదీకరణతో ఏర్పడిన తొలి కణం, చీలి చీలి చిన్న కణాల ముద్దవుతుంది, అంతే. చాలా జాతుల్లో బీజదళమూ (గింజలోని తొలి ఆకు) ఉండదు, ప్రథమమూలమూ (తొలి వేరు) ఉండదు. ముద్దకు ఒక కొసన అంటుకున్న కణాలు తల్లి నుంచి ఆహారం అందించి ఎండిపోతాయి. అంకురచ్ఛదం, అంటే గింజలో ఆహారం నిల్వ ఉంచే కణజాలం (ఎండోస్పెర్మ్), ఏర్పడదు, లేదా మొదట్లోనే నశిస్తుంది. గింజ పండేసరికి పలచని పొరలో మిగిలేది ఆ ముద్దే. పిండితార్థంలోని 'పిండితం' ఇదే.

'నెలల తరబడి' అన్నదీ సవరించుకోండి. పరాగం పడ్డాకే ఈ పూలలో అండాలు పూర్తిగా తయారవుతాయి. ఫలదీకరణకే వారాలు, కొన్నింటిలో నెలలు పడుతుంది. కాయ ముదిరిన కాలమంతా పిండం ఎదిగిన కాలం కాదు.

ఈమధ్య పత్రికల్లో 'ఆర్కిడ్ గింజ మొలిచి వేరు దిగింది' అని రాస్తున్నారు. చూసి రాయవద్దా? నిల్వ ఆహారం దాదాపు లేని ఆ గింజకు అడవిలో శిలీంధ్రం తోడు కావాలి. ప్రయోగశాలలో అయితే పోషక లవణాలు కలిపిన అగర్ అనే జెల్లీ మీద చల్లుతారు. ఇందుకు వాడే నడ్సన్ సి అనే పోషక మిశ్రమంలో లీటరుకు 20 గ్రాముల చక్కెర ఉంటుంది. ఆ చక్కెర మీదికి బూజు ముందే వస్తుంది కనుక గింజనూ సీసానూ సూక్ష్మజీవరహితం చేయకపోతే అంతా పాడవుతుంది. పిండం మొదట ఉబ్బి ప్రోటోకార్మ్ అనే చిన్న దుంపలాంటి ముద్ద అవుతుంది, సన్నని నూగు తొడుగుతుంది, తర్వాత పైకొసన మొగ్గ వేస్తుంది. వేరు ఆ తర్వాతే.

ఆ మొగ్గను అంకురం అనండి, అభ్యంతరం లేదు. గింజలో ఉన్నంతవరకు పిండమే మేలు. అయితే అంకురచ్ఛదం అనే మాటను మన పాఠ్యపుస్తకాలే నిలబెట్టాయి కనుక, గింజలోని దాన్ని అంకురమన్నవారిది బొత్తిగా తప్పని తీర్పు చెప్పలేను. ప్రోటోకార్మ్‌కు 'ఆద్యకందం' బాగుంటుందని నా అభిప్రాయం. వాడుకలోకి వచ్చేదాకా ప్రోటోకార్మ్ అనే రాయండి.