గల్లీలోకి ఆటో రాకపోతే తోపుడు బండి అడగండి

చార్మినార్ దగ్గర మీ గల్లీలో స్వచ్ఛ ఆటో పట్టదని, అందరూ చెత్త తెచ్చి పాత కమాన్ (తోరణ ద్వారం) పక్కన పారేస్తున్నారని రాశారు కదండీ. అక్కడ పెద్ద డబ్బా పెట్టించమని మాత్రం దయచేసి అడగొద్దు. చెత్త నుంచి కారే నీళ్లు కమాన్ డంగు సున్నం (గానుగలో నూరిన పాతకాలపు సున్నం) గోడలోకి ఇంకుతాయి. ఎండాక ఉప్పు తెల్లగా పైకి తేలి, పూత పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ బయటికి పోలేక ఇంకా నష్టం.

మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో తోపుడు బండి అడగండి. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి, మెయిన్ రోడ్డు మీద ఆగిన ఆటోలో వేసేయాలి. వెనిస్‌లోనూ అంతే, బండ్లతో ఇళ్ల దగ్గర తీసుకుని కాలువలోని పడవకు ఎక్కిస్తారు. లాడ్ బజార్ షాపులు మూసేది రాత్రి కాబట్టి, వాళ్లకు రాత్రి ట్రిప్పు విడిగా కావాలి. అర్జీ మీద దుకాణదారుల సంతకాలు కూడా తప్పకుండా పెట్టించండి.